తువ్వాలు కిందికి రాని చెయ్యి

నేను బతుకంతా గొర్రెలు కొన్నాను. ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తర్వాత "మీరా?" అంటారు. నవ్వుకు అలవాటు పడ్డాను. ఆ "మీరా?" మాత్రం రిటైరయ్యాక కూడా గుచ్చుకుంటూనే ఉంది.

ఉద్యోగం ఎప్పుడు పర్మనెంటయింది, ఏ ఏడు ఏ కుర్చీ ఇచ్చారు, ఆ వివరాలన్నీ ఇక్కడ రాయను. వాటిని చదివి బాగుపడినవాళ్ళు ఎవరూ లేరు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలకు, నేను చేరినప్పుడు నాకెవరూ చెప్పని సంగతులు చెప్పాలని కూర్చున్నాను. మగపిల్లలు చదివినా నష్టం లేదు. పక్కన నిలబడిన ఆడమనిషి ఎందుకంత మౌనంగా ఉందో వాళ్ళకు కొంచెం అర్థం కావచ్చు.

మాది అనంతపురంలో ఒక ప్రైవేటు కంపెనీ. పేరు చెప్పను. చుట్టుపక్కల సంతల్లో గొర్రెలు, పొట్టేళ్ళు కొని, కొన్ని నెలలు దొడ్లలో మేపి, బెంగళూరుకు పంపడం దాని వ్యాపారం. నేను పశుసంవర్ధకంలో డిప్లొమా చేసి చేరాను. మా నాయన కణేకల్ దగ్గర మందను మేపినవాడు. జీవాన్ని చూసి దాని ఒంట్లో ఏముందో చెప్పడం కాలేజీ కంటే ముందే ఆయన దగ్గర నేర్చుకున్నాను. మా వైపు గొర్రెనూ మేకనూ కలిపి జీవాలనే అంటాం. నాకిప్పటికీ అంతకంటే మంచి మాట దొరకలేదు.

సంతలో బేరం

బేరం నోటితో జరగదు. మొదట తెలుసుకోవలసింది ఇదే. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. చేతుల మీద తువ్వాలు పడుతుంది. ఇక మాటల్లేవు, వేళ్ళే మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు, కణుపు దగ్గర నొక్కితే సగం. అది వందల్లోనా వేలల్లోనా అన్నది బేరానికి దిగిన ఇద్దరికీ ముందే తెలుసు. ముఖాలు మాత్రం ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డట్టే ఉంటాయి.

చేరిన కొత్తలో ఇదంతా పాతకాలపు తంతు అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా! ఒకరోజు ఒక మంద నచ్చి, దాని యజమానికి నోటితోనే ధర చెప్పేశాను. ఆ పెద్దాయన వినబడనట్టు పక్కకు తిరిగాడు. చెవుడేమో అనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పాను. చుట్టూ ఉన్న దళారులందరూ విన్నారు. ఆయన నా మీద చెయ్యెత్తలేదు గాని, ఇంచుమించు అంత పనీ చేశాడు.

"ఏమ్మా, నా బతుకు దండోరా ఏస్తాండావే! ఇంగ ఈ రేటు మీద ఒక్క రూపాయన్నా ఎవుడిస్తాడు నాకు?"

అప్పుడు తెలిసింది, తువ్వాలు గుట్టు కోసమని. ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని తక్కువకు తెగనమ్ముకునేవాడి పరువు దాని కింద దాగుతుంది. మంచి పద్ధతే, నేను కాదనను. ఒక్కటే చిక్కు. పరాయి మగవాడి చేతిలో పరాయి ఆడదాని చెయ్యి, పైన గుడ్డ. నడిసంతలో దాన్ని ఎవరూ ఒప్పుకోరు. అమ్మేవాడు ఒప్పుకోడు, కంపెనీ ఒప్పుకోదు, నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

అందువల్ల జీవాలను ఎంచడం నా పని అయింది. బేరం ఓబులేసు పని అయింది.

ఓబులేసు

ఓబులేసు, నేను ఒకే వారంలో చేరాం. ఇద్దరిదీ ఒకే డిప్లొమా. నాకంటే కొంచెం చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పకపోతే మీరు అతన్ని దుర్మార్గుడనుకుని ఊరుకుంటారు. నా ఉద్యోగంలో దుర్మార్గులు పెద్దగా తగల్లేదు. తగిలినవాళ్ళంతా మంచివాళ్ళే. తంటా అంతా అక్కడే వచ్చింది.

నేను పళ్ళు చూసి వయసు చెప్పేదాన్ని. కనురెప్ప తిప్పి రక్తం ఉందో లేదో చూసేదాన్ని. గిట్టలు, దగ్గు, నడక అన్నీ చూశాక, "ఆ నాలుగు వద్దు, మిగతావాటికి ఇంతకు మించితే వదిలెయ్" అని ఓబులేసుకు మెల్లగా చెప్పేదాన్ని. అతను తువ్వాలు వేసేవాడు. నేను వెనక్కి జరిగి నిలబడేదాన్ని. నేను ఎంచిన మందకు నేను చెప్పిన ధర దగ్గర తెగిందో లేదో, అతను వెనక్కి తిరిగి తల ఊపేదాకా నాకు తెలిసేది కాదు.

వేళ్ళ లెక్క నేర్పమని అడిగాను. నేర్పాడు. నా చెయ్యి పట్టుకోలేడు కాబట్టి తన ఎడమచేతిని తన కుడిచేత్తోనే పట్టుకుని చూపించాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. సాయంత్రం జీవాలను ఎక్కించాక మగవాళ్ళంతా లారీ కేబిన్లో కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు. నేను బస్సెక్కేదాన్ని. సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని కింద నా కుడిచెయ్యి నా ఎడమచేతితో బేరమాడేది. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని, ఎప్పుడూ నేనే ఓడిపోయేదాన్ని. పక్క సీటులో కూర్చున్నవాళ్ళు జపం చేసుకుంటున్నాననుకునేవాళ్ళేమో.

కొన్నేళ్ళకు ఓబులేసు మోటారుసైకిల్ కొన్నాడు. మెరిసిపోతున్న బండిని ఆఫీసు ముందు నిలిపి అందరికీ మిఠాయి పంచాడు.

"బాగుండాదప్పా. అప్పు చేసినావా?" అని అడిగాను.

"అప్పెందుకక్కా? బత్తా దుడ్లతోనే కొంటి. మందకింత అని ఇస్తారు గదా."

"ఎవరికిస్తారు?"

అతను నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "చెయ్యి కలిపినోళ్ళకి," అన్నాడు మెల్లగా. "నీకు రాదా అక్కా?"

రాదు. ఎంచినదానికి జీతం. చెయ్యి కలిపినదానికి జీతంతోపాటు కొన్న ప్రతి మందకూ బత్తా. అవన్నీ కలుపుకుంటే అతని ఇంటికి పోయేది నా ఇంటికి వచ్చేదానికి ఒకటిన్నర రెట్లు. నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు. అతనికీ సిగ్గేసింది. ఆ తర్వాత మేం సంతలో పని మాటలే మాట్లాడుకున్నాం. ఉన్న ఒక్క స్నేహితుడూ అలా దూరం జరిగాడు. జీతంలో తేడా దుడ్లతో ఆగదు, పక్కన కూర్చుని టీ తాగే మనిషిని కూడా పట్టుకుపోతుంది.

నీలినాలుక

ఒక వానాకాలంలో పెద్దసారు ఓబులేసును ఒక్కడినే దూరపు సంతకు పంపాడు. పెద్దసారంటే మా కంపెనీలో కొనుగోళ్ళన్నీ చూసే మేనేజరు. నన్నూ పంపితే బస కోసం వేరే గది తీసుకోవాలి, అది దండగ ఖర్చు అన్నాడు. ఓబులేసు పెద్ద మందను కారుచౌకగా కొన్నాడు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

వారం తిరిగేసరికి దొడ్డిలో జీవాల మూతులు వాచాయి. నాలుకలు నీలి రంగుకు తిరిగాయి. నేను పగలూ రాత్రీ దొడ్లోనే ఉన్నాను. దక్కినవాటి కంటే పోయినవే ఎక్కువ.

మీటింగులో పెద్దసారు నావైపు తిరిగాడు. "జీవాలను ఎంచేది నీ పనే కదమ్మా?"

"నన్ను మీరు పంపలేదు కదా సార్."

"పంపకపోతే అడగాల గదమ్మా. బాధ్యత ఉండాల."

ఆ రోజు ఒక సూత్రం అర్థమైంది. ధర తగ్గితే అది చేతి గొప్ప. జీవం చస్తే అది కంటి తప్పు. ఓబులేసు ఆ మీటింగులో తల దించుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చాక, "చెప్పాల్సిందక్కా, నోరు రాలేదు," అన్నాడు. "నోరు రాకపోతే చెయ్యి ఎత్తాల్సింది. నీ చేతికి విలువ ఎక్కువ కదా," అన్నాను. కఠినంగానే అన్నాను. అందుకు ఇప్పటికీ బాధ లేదు.

హనుమక్క

ఆ తర్వాతి ఏడు వానలే లేవు. వేరుశనగ విత్తిన చేలు విత్తినట్టే ఎండాయి. మేపు లేక కాపరులు మందలను తోలుకొచ్చి అమ్ముకుంటున్నారు. కళ్యాణదుర్గం వైపు ఒక సంతలో హనుమక్క మందను చూశాను. భర్త పోయిన కురుబ ఆమె. జీవాలు చిక్కి ఉన్నాయి గాని ఒక్కదానికీ కుంటు లేదు, చీమిడి లేదు. ఎవరో తమ తిండి తగ్గించుకుని మేపిన మంద అని చూడగానే తెలిసిపోయింది. ఓబులేసుకు ధర చెప్పాను. అతను తువ్వాలు వేశాడు. అవతల చెయ్యి హనుమక్కది కాదు, ఆమె మరిదిది.

హనుమక్క వచ్చి నా పక్కన నిలబడింది. ఆ మందను చేతులారా పెంచింది ఆమె, వేలితో తడిమి ఎంచింది నేను. ఇద్దరం ఆ తువ్వాలు వైపే చూస్తున్నాం.

"ఎంతకు తెగుతాందమ్మా?" అని అడిగింది.

"నాకూ తెలీదక్కా."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వు కొనే కంపెనీదానివి గదా?"

"అవును."

"నేను మందదాన్ని. నీకూ తెల్దు, నాకూ తెల్దు. ఇంగెవరికి తెలుస్తాది?" అంది. మరిది వైపు గడ్డం ఊపి, "పోయినేడు గూడా ఇంతే. వాడు తెగ్గొట్టిందొకటి, నా చేతిలో పెట్టిందొకటి," అంది.

ఉన్నట్టుండి నడుచుకుంటూ పోయి, ఆ రెండు చేతుల మీది తువ్వాలును లాగేసింది. అలాంటి పని ఆ సంతలో ఎవరూ చేసి ఉండరు. చుట్టూ ఉన్న మగవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"ఏం పని వదినా ఇది? ఆడదానివి నువ్వు చెయ్యి కలుపుతావా?" అన్నాడు మరిది.

"కలుపుతా. ఈయమ్మతో కలుపుతా. మీకు తువ్వాలుంటే మాకు కొంగు లేదా?"

నా చెయ్యి లాక్కుని పైన తన కొంగు కప్పింది. ఆ అరచెయ్యి ఎండిన తోలులా గరుకుగా ఉంది. అంతవరకూ నా ఎడమచెయ్యి తప్ప ఇంకో చెయ్యి తెలియని నా కుడిచెయ్యి పిడికిలి బిగించుకుంది. ఆమెకు తెలిసిపోయింది.

"బయమెందుకమ్మా, బేరమే గదా," అంది నవ్వి.

నాలుగు వేళ్ళు పట్టుకుని కణుపు నొక్కింది. నేను వేలు తగ్గించాను. ఆమె మళ్ళీ పట్టుకుంది. మొదట్లో చుట్టూ నవ్విన మగవాళ్ళు మెల్లగా నవ్వడం మానేశారు. ఇన్నేళ్ళూ ఆ గుడ్డ కింద ఏముంటుందో అనుకునేదాన్ని. అక్కడ ఉన్నది ఒక మనిషి మాత్రమే. తనకేం కావాలో నాకు మాత్రమే చెబుతున్న మనిషి. నేను అనుకున్న హద్దుకు ఒక్క కణుపు పైన తెగింది. ఆ జీవాలు దానికి తగినవే.

ఓబులేసు తన తువ్వాలును చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"తెగిందా అక్కా?"

"తెగింది."

"ఎంతకి?"

హనుమక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చెప్పలేదు. ఉద్యోగంలో నేను మనసారా నవ్విన రోజు అదొక్కటే.

పెద్దసారు నవ్వు

ఆ కబురు సంతలన్నీ తిరిగింది. మొగుడు తాగుబోతైనవాళ్ళు, కొడుకును నమ్మనివాళ్ళు, ఒంటరివాళ్ళు, నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. మందలు చిన్నవి, జీవాలు మాత్రం నిక్కమైనవి. అమ్మేవాళ్ళే, "ఈ గొర్రె రాత్రిళ్ళు దగ్గుతాది, వద్దులే" అని చెప్పిన సందర్భాలున్నాయి. తువ్వాలు కింద ఎవరూ చెప్పని మాట అది.

అప్పుడే పర్చేజ్ ఆఫీసరు పోస్టు పడింది. సంతలన్నీ ఆ మనిషి చేతి కిందికి వస్తాయి, బత్తా కూడా దానితోపాటు పెరుగుతుంది. నేను అడిగాను. పెద్దసారు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మా అమ్మ ఆరోగ్యం అడిగాడు.

"నీ పని బాగుండాదమ్మా, కాదన్ను. కానీ నీకు చెయ్యి కలిపిన అనుభవం ఆడోళ్ళతోనే గదా?"

"ఆడోళ్ళ జీవాలకు తూకం తక్కువొస్తాదా సార్?" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ మాటను ఆ నెల మీటింగులో అందరికీ చెప్పి మళ్ళీ నవ్వాడు. పోస్టు ఓబులేసుకు ఇచ్చాడు. నాకు ఆడవాళ్ళ మందలు కొనే సహాయకురాలని కొత్త పేరు పెట్టి, సగం బత్తా ఇచ్చాడు. మందలు చిన్నవి కదా అన్నాడు. మిగతా ఉద్యోగమంతా ఆ సగం బత్తాతోనే గడిచింది. నవ్వించినంత మాత్రాన జీతం పెరగదు. ఇది గుర్తుపెట్టుకోండి.

హనుమక్క రెండు మూడేళ్ళు వచ్చింది. వచ్చినప్పుడల్లా బేరం తెగినా కొంగు తీసేది కాదు, కాసేపు నా చెయ్యి పట్టుకుని ఇంటి సంగతులు చెప్పేది. తర్వాత ఒక కరువులో మందంతా అమ్మేసి, కూతురితో బెంగళూరుకు కట్టడాల పనికి పోయిందని విన్నాను. అమ్మింది నాకు కాదు. ఆ వారం నేను జ్వరంతో సంతకు పోలేదు.

నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పారు. ఓబులేసు మాట్లాడుతూ కంటతడి పెట్టుకున్నాడు. ఫోటో అయ్యాక మగవాళ్ళంతా ఒకరికొకరు షేక్‌హ్యాండ్లు ఇచ్చుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి అందరూ రెండు చేతులూ జోడించారు. గౌరవమే, కాదనను. గౌరవం ఇచ్చేవాళ్ళు రెండడుగుల దూరంలో నిలబడతారు.

రెండు మూడు మాటలు

పక్కవాడి జీతం అడగండి. మోటారుసైకిల్ కొనేదాకా ఆగకండి. సంతలో పాయిఖానా ఉండదు, అందుకని నీళ్ళు తాగడం మానకండి. నేను మానాను, దాని ఫలితం ఇప్పుడు డాక్టరుకు చూపించుకుంటున్నాను. పాయిఖానా కట్టించమని అడగండి, సిగ్గుపడవలసింది కట్టించనివాళ్ళు. "అమ్మా" అని పిలిచే పై అధికారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. అమ్మకు ఎవరూ జీతం పెంచరు.

నేను పెళ్ళి చేసుకోలేదు. దాని కథ వేరు. కాని ఉద్యోగం ఎక్కువై పెళ్ళి కాలేదని మా బంధువులు అంటారు, పెళ్ళి కాలేదు కాబట్టి ఉద్యోగం చేసుకోగలిగిందని ఆఫీసులో అన్నారు. రెండు మాటలూ నా ఎదుట ఎవరూ అనలేదు. ఒంటరితనం అంటే చాలామటుకు ఇదే, మన గురించి మాటలు మనం లేని చోట తెగుతాయి.

నస్రీన్

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు నస్రీన్. మా పాత కంపెనీలోనే పని. తండ్రి లారీ మెకానిక్. జీవాలను ఎంచే నా పాత పనే ఇప్పుడు తను చేస్తోంది. పర్చేజ్ ఆఫీసరు పోస్టు పడితే అడిగిందట. ఇప్పుడు పెద్దసారు కుర్చీలో ఉన్నది ఓబులేసు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"సంత ఆడపిల్లలకు కుదరదమ్మా, చెయ్యి కలపాల గదా అన్న్యాడు మేడం." ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "ఇప్పుడు చెయ్యి ఎవరు కలుపుతాండారు మేడం? అంతా ఫోన్లోనే. మనం రేటు నొక్కి చూపిస్తాం, అమ్మే ఆయప్ప తన రేటు నొక్కి చూపిస్తాడు, అంతే. తువ్వాలు చెమట తుడుచుకోనీకే."

ఇన్నేళ్ళూ అడ్డం ఆ గుడ్డేననుకున్నాను. గుడ్డ పోయింది, సంతలో ఎవరి చెయ్యీ ఎవరికీ అక్కర్లేదు. అడ్డం మాత్రం ఉన్నచోటే ఉంది. నాకు వేళ్ళ లెక్క నేర్పిన ఓబులేసు, కొంగు కింద బేరం కళ్ళారా చూసిన ఓబులేసు, అదే మాట అన్నాడు. అతని మీద కోపం రాలేదు. చాలా ఒంటరిగా అనిపించింది.

"సోమవారం మళ్ళా పొయ్యి అడుగుతా," అంది నస్రీన్. "ఆ చేతి లెక్క నాకు నేర్పించండి మేడం. రాదు గదా అనే మాట నా మీద ఉండగూడదు."

ఎదురుగా కూర్చోమన్నాను. చెయ్యి చాపాను. తన చున్నీ తీసి పైన కప్పింది. హనుమక్కలాంటి అమ్మేవాళ్ళు తప్ప, మా కంపెనీ మనిషి ఎవరూ అంతవరకూ నా చెయ్యి పట్టుకోలేదు. ఒకటి, రెండు, సగం అని చెప్పాను. పిల్ల చురుకైనది, రెండోసారికే వచ్చేసింది.

"సరే, ఇప్పుడు నేనే మీ ఓబులేసు సారు," అన్నాను. "నీ పక్కన పని చేసేవానికెంత ఇస్తాండారో నీకెంత ఇస్తాండారో తెలుసు గదా. నీకేం కావాలో అడుగు."

నస్రీన్ ఆలోచించింది. చున్నీ కింద నా వేళ్ళు రెండే పట్టుకుంది, అదీ వదులుగా. నేను ఎన్ని ఏళ్ళు అలాగే పట్టుకున్నానో నాకు తెలుసు. ఆ చేతిని విడిపించి తల అడ్డంగా ఊపాను.

"మళ్ళీ అడుగు."

ఈసారి నా ముఖంలోకి చూస్తూ అయిదు వేళ్ళూ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నేను ఒప్పుకున్నాక కూడా ఇద్దరం చేతులు తియ్యలేదు.